మా ఇంటి తాయెత్తు

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో నేను ఇంగ్లిష్ చెబుతాను. కిటికీ తెరిస్తే కింద బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. ఆ రెంటి మధ్య నా గొంతు. మాటలకు అర్థాలు చెప్పి బతికే మనిషిని కాబట్టి కొన్ని మాటల మీద నాకు చనువు ఎక్కువ. వాటిలో చార్మ్ ఒకటి.

ఆ మాట చెప్పే రోజు క్లాసు నిద్రపోదు. నోటిఫికేషన్లు రాక ముఖాలు వేలాడేసుకున్న పిల్లలు కూడా కాస్త కదులుతారు. ఆ ఏడాదీ అంతే. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, “మేడం, మా దోస్తుగాని నవ్వుల ఉంటది చూడుండ్రి, గదే చార్మ్. ఆడు నవ్విండంటే కిరాయి అడగనీకి వచ్చిన ఓనర్ సుత చాయ్ తాగి పోతడు” అన్నాడు. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి మణికట్టు గొలుసు చూపించింది. దానికి చిన్న ఏనుగు, తాళంచెవి, చంద్రవంక వేలాడుతున్నాయి. “గివి కూడా చార్మ్‌లే మేడం. ఫాన్సీ షాపాయన గట్లనే చెప్పిండు.”

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. తాయెత్తు అన్న అర్థం నేను బోర్డు మీద రాశాను. ఇక మిగిలింది అన్నిటికన్నా పాత అర్థం. ఆ మాట పుట్టింది పాట నుంచి. పాట అంటే ఊరికే కూనిరాగం కాదు, మంత్రం. పైకి పలికితే పని జరిగే మాట. ఆ వాక్యం సగంలో ఆపేశాను. నీళ్ళు తాగినట్టు నటించి, ఆ రోజు క్లాసు తొందరగా ముగించాను. మా అబ్బాయికి వినబడటం లేదేమోనని ముందురోజే ఒకరు నాతో అన్నారు.

అన్నది ప్లేస్కూల్ టీచరమ్మ. మేముండేది మన్సూరాబాద్‌లో. వాడికి అప్పటికి మూడో ఏడు నడుస్తోంది, బడిలో వేసి కొన్ని వారాలే. ఆవిడ నన్ను గేటు దగ్గర ఆపి, “మేడం, పరేషాన్ కాకుండ్రి. బాబును పేరు పెట్టి ఎంత పిలిచినా చూస్తలేడు. ఎనక నిలబడి పిలిచినా గంతే, పక్కకు నిలబడి పిలిచినా గంతే. మాటలు కూడా తక్కువున్నయి కదా. జర చెవులు చూపెట్టుండ్రి” అంది. పరేషాన్ కావద్దు అన్న మాట విన్నాక కూడా పరేషాన్ కాని తల్లి ఎక్కడైనా ఉంటే ఆమె కాళ్ళకు దండం పెడతాను.

మాటలు తక్కువే, నిజం. అమ్మ, నాన్న, బువ్వ, వద్దు. వద్దు ఒక్కటే స్పష్టంగా వచ్చు. అబ్బాయిలకు ఆలస్యంగా వస్తాయిలే అని అంతవరకు నేనే పదిమందికి చెప్పాను. టీచరమ్మ మాట చెవిన పడ్డాక ఆ ధైర్యం ఒక్క పూటలో పోయింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మా ఇంటి పక్కనే కిటికీ గ్రిల్స్ చేసే షెడ్డు ఉంది. ఇనుము కోసే మిషను పెట్టారంటే వీధి కుక్కలు కూడా వీధి మారిపోతాయి. మా వాడు మాత్రం ఆ మోతలో హాయిగా నిద్రపోయేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయిన మేము, ఇప్పుడు అదే తలుచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పూర్తిగా కాకపోయినా కొంత వినబడదేమో. కొన్ని మాటలే వినబడతాయేమో. మాటలమ్ముకుని బతికే నాకు, నా మాట అందని పిల్లవాడు పుట్టాడా అని ఏడ్చాను. ఆ ఏడుపు వంటింట్లో, కుక్కర్ కూత పెట్టేటప్పుడు ఏడ్చాను, ఎవరికీ వినబడకుండా.

మా ఆయనది కంగారు పైకి కనబడనివ్వని తత్వం. ఏదైనా పరీక్ష పెట్టి తేల్చేద్దామంటాడు. వాడు నీళ్ళ బకెట్టు దగ్గర కూర్చుని చెంబు ముంచుతూ తేలుస్తూ ఉంటే, ఈయన వెనకగా వెళ్ళి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టాడు. షెడ్డులో మనుషులు తలెత్తి చూశారు. పక్కింటి ఆంటీ పరుగున వచ్చింది. వాడు చెంబు మీంచి చూపు తిప్పలేదు.

“సరే, ఆదివారం నాదర్‌గుల్ తీసుకెళ్దాం. విమానం చప్పుడుకి చూడకపోతే అప్పుడు ఆలోచిద్దాం” అన్నాడు. అక్కడ విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ చిన్న విమానాలు తిరుగుతుంటాయి. ఫెన్సింగుకు వీపు పెట్టి వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాం. విమానం మా నెత్తి మీదుగానే పోయింది. వాడి కళ్ళు ఎదురుగా గడ్డి మేస్తున్న మేక మీద ఉన్నాయి. విమానం వెళ్ళిపోయింది, మేక మిగిలింది, మా ఆయన ముఖం వాడిపోయింది.

డాక్టరు దగ్గర చూపించుకోవడానికి వారం తర్వాతి రోజు దొరికింది. ఆ వారమంతా మా ఇంట్లో చార్మ్ అన్న మాటకు పాఠం జరిగింది. చెప్పింది మా అత్తయ్య. ఆవిడది గోదావరి పక్క పల్లె. హైదరాబాద్ వచ్చి జీవితంలో సగం గడిపినా యాస ఇసుమంతైనా మారలేదు. మామయ్య పోయిన మరుసటేడు మా వాడు పుట్టాడు. తాత పేరే పెట్టుకున్నాం. అందుకని ఆవిడ మనవణ్ణి నువ్వు అనదు. “అబ్బాయిగారూ, పాలు తాగండి. అబ్బాయిగారూ, అటు వెళ్ళకండి” అంటుంది. కొత్తగా మా ఇంటికి వచ్చినవాళ్ళు ఆ అబ్బాయిగారెవరో అని లోపలికి తొంగిచూసి, చెడ్డీ లేకుండా తిరిగేవాణ్ణి చూసి నవ్వుకునేవారు.

“దిష్టమ్మా, ఇది పచ్చి దిష్టి” అని తేల్చింది అత్తయ్య. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వచ్చి మేమంతా దగ్గాం. దగ్గు వస్తే దిష్టి లేనట్టట. అయినా ఆవిడకు నమ్మకం చాల్లేదు. చంపాపేట్‌లో ఎవరో అయ్యవారు మంత్రించి ఇస్తారని విని వెళ్ళి వెండి తాయెత్తు తెచ్చి మొలతాడుకు కట్టింది. మా ఆయన ఆఫీసులో ఆయనెవరో దర్గా నుంచి నల్లదారం తెచ్చిచ్చారు. అదీ కట్టాం. మాటలు వస్తాయని అత్తయ్య వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. నేను చదువుకున్నదాన్ని కదా, వద్దన్నానా? అనలేదు. ముడి గట్టిగా పడిందో లేదో చూసుకున్నాను కూడా. స్నానం చేయించేటప్పుడు ఆ మొలతాడును చూస్తే మా క్లాసులో అమ్మాయి మణికట్టు గొలుసే గుర్తొచ్చింది.

పక్కింటి ఆంటీది నల్లగొండ వైపు ఊరు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. తాయెత్తు చూసి ముఖం అదోలా పెట్టింది గాని మా అత్తయ్యను ఏమీ అనలేదు. “మేం గివి కట్టంలే అక్కా. ప్రార్థన చేస్తం” అంది. సాయంత్రం పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనె సీసాతో వచ్చి, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవుల వెనక రాసింది. “ఏం గాదు కొడుకా. ప్రభువు నీ చెవులు తెరుస్తడు. నువ్వు గీ వాడకట్టంత లొల్లి చేస్తవు చూడు.” వాడు ఆ నూనె చేతుల్తో తుడుచుకుని ఆమె చీరకు పూశాడు. మా అత్తయ్య ఆ పక్కనే కూర్చుని కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. ఏ దేవుడికో నేనడగలేదు.

డాక్టరు చూస్తామన్న రోజు వాణ్ణి ఎత్తుకుని ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరి దవాఖానకు నలుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, అత్తయ్య, కుట్టుమిషను మూసేసి వచ్చిన ఆంటీ. డాక్టరుగారు లైటు వేసి చెవులు చూసి, బయటికి ఏమీ లేదు, లోపల పరీక్ష చేయించండన్నారు. ఆ పరీక్షలు చేసేది ఒక చిన్న వయసు అమ్మాయి. తలుపు మూస్తే మన ఊపిరి మనకే వినబడే గది. గోడలకు పరుపుల్లాంటి మెత్తలు అంటించారు. నేను వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మిగతా ముగ్గురూ గోడ వెంట నిలబడ్డారు. గుసగుస కూడా వద్దంది ఆ అమ్మాయి.

మొదట ఆమె మా వెనక్కి వెళ్ళి వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాడు ఎదురుగా ఉన్న చెక్క చక్రాన్ని తిప్పుకుంటున్నాడు. కాస్త గట్టిగా పిలిచింది. చక్రం తిరుగుతూనే ఉంది. వాడి కడుపు చుట్టూ చెయ్యి బిగిస్తే మొలతాడు తాయెత్తు నా వేలికి గుచ్చుకుంది. పనిచెయ్యి, పనిచెయ్యి అని దాన్ని అలాగే నొక్కిపట్టుకున్నాను.

తర్వాత ఆమె గాజు కిటికీ అవతలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఎడమ మూల పెట్టెలోంచి చిన్న కూత వచ్చింది. వాడు చక్రం ఆపి అటు తిరిగాడు. వెంటనే ఆ పెట్టెలో దీపం వెలిగి ఎలుగుబంటి బొమ్మ కనబడింది. వాడు నవ్వాడు. కుడి మూలనుంచి కూత. ఇటు తిరిగాడు. కూతలు సన్నబడుతూ వచ్చాయి. చివర చివరికి నాకే వినబడీ వినబడనట్టుంది, వాడు మాత్రం బొమ్మ ఎక్కడ లేస్తుందోనని ముందే మెడ చాస్తున్నాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. వెనక మా ఆయన గట్టిగా ముక్కు చీదాడు, దానికీ వాడు తిరిగి చూశాడు.

ఆ అమ్మాయి బయటికొచ్చి, “చెవులు మంచిగున్నయి మేడం. మనకంటె మంచిగ ఇంటుండు” అంది. ఆ మాట నేను మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. కాని ఆమె ఇంకా ఏదో ఆలోచిస్తోంది. “మరి పేరు పిలిస్తే ఎందుకు చూస్తలేడు? ఇంట్ల గూడ గిదే పేరు పిలుస్తరు కదా?”

మా ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను.

“నేను నాన్నా అంటానండీ” అన్నాడు ఆయన. “మా నాన్నగారి పేరు కదా, ఒరేయ్ అని పిలవలేను.”

“నేను బంగారం అంటాను” అన్నాను. ఒకసారి, ఒకే ఒక్కసారి, పాలగ్లాసు ఒలకబోస్తే కోపం పట్టలేక వాణ్ణి పేరు పెట్టి కేకేశాను. అన్నం కలుపుతున్న అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మామగారిని తిట్టినంత పనయింది. ఆ తర్వాత ఆ పేరు నా నోట రాలేదు.

“నేనైతే కొడుకా అంట” అంది ఆంటీ. “పేరేదో రాసిన్రు అనుకున్న గని, నాకు సుత యాదికి లేదు.”

ఆ అమ్మాయి మా అత్తయ్య వైపు తిరిగింది. అత్తయ్య కొంగు సర్దుకుని, “బారసాలలో బియ్యంలో రాసి, చెవిలో చెప్పాడమ్మా మా కొడుకు” అంది, ఎవరో తప్పుపట్టినట్టు.

“గప్పుడు ఒక్కపారి చెప్పి ఊకున్నరా పెద్దమ్మా?” ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. “సరే, మీరు రోజు ఎట్ల పిలుస్తరో గట్లనే పిలువుండ్రి.”

అత్తయ్య నిలబడ్డచోటి నుంచే, గొంతు పెంచకుండా, “అబ్బాయిగారూ” అంది. వాడు చటుక్కున తిరిగి, నా ఒళ్ళోంచి జారి, ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు.

చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, మేము వాణ్ణి చంకలో పెట్టుకుని నాదర్‌గుల్ దాకా వెతికొచ్చాం. ఇంట్లో ఇంతమందిమి ఉండి, ఆ పేరు ఇంకెవరో పిలుస్తున్నారులే అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. వాడి లెక్కన ఆ పేరు ఇంకెవరిదో. బడిలో ఎవరో ఎవర్నో పిలుస్తుంటే తనెందుకు చూడాలి? ఇనుము మోత అంటారా, పుట్టిననాటి నుంచి విన్నదే కాబట్టి లెక్కచెయ్యడట. ఆటలో పడ్డ పిల్లలు పళ్ళేలకూ విమానాలకూ తిరగరట. మాటలు కూడా వస్తాయి, మీరంతా ఒకే పేరుతో పిలవండి, వాడితో ఎక్కువ మాట్లాడండి అని చెప్పి పంపించింది ఆ అమ్మాయి.

బయటికొచ్చాక రోడ్డు పక్క బండి దగ్గర అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. వారం రోజులుగా నోటికి రుచి తెలియలేదు, ఆ రోజు ఒక్కో బజ్జీ అమృతం. తేలిక అంటే ఏమిటో ఒంటికి తెలిసింది, భుజాలు వాటంతటవే దిగాయి. అంతలోనే వాటాల తగువు మొదలైంది. తాయెత్తు మహిమ అంది అత్తయ్య. “ప్రార్థన చేస్తె గాకుంట పోతదా” అంది ఆంటీ. అసలు పరీక్ష పెట్టాలని మొదట అన్నది నేను కదా అన్నాడు మా ఆయన. మీ మేకను మరచిపోకండి అన్నాను నేను. మొలతాడు నుంచి ఏదీ తియ్యలేదు. ఏది పనిచేసిందో తెలియనప్పుడు ఏది తీస్తాం?

ఇంటికి రాగానే పేరు నేర్పడం మొదలుపెట్టాం. మా ఆయనకు మొదట నోరు తిరగలేదు. పేరు పలికి, దాని పక్కన రా అనాలో రండి అనాలో తెలియక అక్కడే ఆగిపోయేవాడు. నాలుగు రోజులకు అలవాటైంది. నేనూ అలవాటు పడ్డాను. మా ఇద్దరిలో ఎవరు ఆ పేరు పిలిచినా వాడు తిరిగి చూడటం మొదలుపెట్టాడు, నోరు తెరిచి పలకడు గాని. అత్తయ్య మాత్రం అబ్బాయిగారు దగ్గరే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం గోంగూర ఒలుస్తూ కూర్చున్నప్పుడు నేనే అడిగాను. మీరూ పిలిస్తే వాడికి తొందరగా వస్తుంది కదా అత్తయ్యా అని.

ఆవిడ ఆకు తుంచుతూనే ఉంది. “నా నోట రాదమ్మా. పెళ్ళినాడు తలుపు దగ్గర ఆపి ఆయన పేరు చెప్పమన్నారు, తలొంచుకుని చెప్పాను. అంతే. పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తరిగిపోతుందని మా అమ్మ చెప్పింది. మళ్ళీ అనలేదు. బ్యాంకులో అడిగినా పక్కవాళ్ళని చెప్పమనేదాన్ని.”

కాడలు పక్కకు నెట్టింది. “ఆసుపత్రిలో ఆయనకి స్పృహ తప్పుతుంటే నర్సమ్మ వచ్చి, పేరు పెట్టి గట్టిగా పిలవండమ్మా, మీ గొంతుకి పలుకుతారేమో అంది. అప్పుడూ ఏమండీ అనే పిలిచాను. పలకలేదు. పిలిచి ఉంటే పలికేవారేమోనమ్మా.”

ఆవిడ జన్మంతా ఆయనకు కట్టిన తాయెత్తు ఆ పలకని పేరే. కట్టినా ఆయన దక్కలేదు. అలాంటప్పుడు దాన్ని విప్పమని అడగడానికి నేనెవర్ని? గోంగూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కొన్ని రోజుల తర్వాత ఒక సాయంత్రం క్లాసు ముగించుకుని వస్తున్నాను. షెడ్డులో పని ఆపేశారు. మా వాడు గేటు బయట కూర్చుని మట్టిలో పుల్లతో ఏదో గీస్తున్నాడు. అత్తయ్య గేటు లోపల, చువ్వ పట్టుకుని నిలబడి ఉంది. నేను సందు మలుపులో ఉన్నాను, నన్ను చూడలేదు. ఆవిడ వీధి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని తేల్చుకుంది. అప్పుడు పిలిచింది. చివరి అక్షరం సాగదీసి, గోదావరి పక్క వాళ్ళు దూరాన ఉన్న మనిషిని పిలిచే తీరులో, పాటలాగా.

ఇంత రాసి కూడా ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పిల్లవాడి పేరు, దిష్టి తగులుతుంది.

వాడు పుల్ల పక్కన పడేశాడు. తలెత్తి, “ఆఁ” అన్నాడు. అంతవరకు వాడు ఎవరికీ అలా పలకలేదు.

అత్తయ్య గేటు చువ్వను రెండు చేతులతో పట్టుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని గేటు తెరిచింది.

“పొద్దుపోయింది” అంది. “లోపలికి రండి, అన్నం తిందురుగాని.”